పెరట్లో పందికొక్కులు: డాష్‌హౌండ్‌ను నమ్ముకోవచ్చా?

హంద్రీ గట్టు (కర్నూలు)
మాది వన్ టౌన్‌లో తాతల నాటి ఇల్లు. పెరడంతా నాపరాళ్లు. వాటి కింద పందికొక్కులు తవ్వి తవ్వి బండలు ఒక్కొక్కటే కుంగిపోతున్నాయి. పొద్దున్నే చూస్తే మునగచెట్టు మొదట్లో కొత్త మట్టికుప్ప రెడీ. బోను పెడితే అందులోని ఎండుచేప మాయమవుతుంది, కొక్కు మాత్రం పడదు. మా బావమరిది డాష్‌హౌండ్ (పొట్టి కాళ్లు, పొడుగు నడుము ఉండే కుక్క) పిల్లను ఇస్తానంటున్నాడు. అది పందికొక్కును నిజంగా పడుతుందా? మొక్కలన్నీ పీకి పారేస్తుందా? రాత్రిపూట పెరట్లో వదిలేయొచ్చా? పక్కింటివాళ్లు ఎలుకల మందు పెడుతుంటారు, అదొక టెన్షన్. పెంచినవాళ్లు చెప్పండి.

తాడిపత్రి పాలిష్
పడుతుందా అని అడుగుతున్నారా! మాది బండల పాలిష్ యూనిట్. బండలన్నీ ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటాయి, ఆ సందుల్లో ఎలుకలు కాపురాలు పెట్టేస్తాయి. మా రాణి ఆ సందులోకి దూరిందంటే తోక కొస తప్ప ఏమీ కనబడదు. లోపల గుర్రుమంటుంది, బండకు గోళ్లు గీరుకుంటున్న చప్పుడు వస్తుంది, తర్వాత కాసేపు అంతా సైలెంట్. ఇక వెనక్కి పాక్కుంటూ బయటికొస్తుంది. ఒళ్లంతా తెల్లటి స్లర్రీ పొడి, నోట్లో ఎలుక. రెండు విదిలింపులు విదిలిస్తుంది, మెడ విరిగి ఎలుక ఖతం. దాన్ని నా కాళ్ల దగ్గర పడేసి నా మొహమైనా చూడకుండా మళ్లీ సందులోకే. పిల్లి ఆడుకున్నట్టు ఆడదు, తినదు కూడా. మా లేబర్‌కు రాణి అంటే మేస్త్రీ కంటే ఎక్కువ మర్యాద.

కెన్నెల్ మాస్టర్ (అనంతపురం)
డాగ్ షోలకు కుక్కలను తీసుకెళ్లేవాణ్ణి కాబట్టి ఈ విషయంలో అధికారంగా చెప్పగలను. డాష్‌హౌండ్ ఎలుకల కుక్క కాదు. జర్మనీలో బొరియల్లోకి దూరి బ్యాడ్జర్ అనే బొరియల జంతువుతో తలపడడానికి తయారైన జాతి. అక్కడ దీని క్లబ్బు 1888లోనే పుట్టింది. ఎఫ్‌సీఐ, అంటే అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య అయితే దీనికోసం విడిగా నాలుగో గ్రూపే పెట్టింది, అందులో ఇంకో జాతి లేదు. సైజును కూడా ఎత్తు చూసి చెప్పరు, ఛాతీ చుట్టుకొలత చూసి చెప్తారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మస్కట్ వాల్డీ ఈ జాతిదే. ఎలుకల పని చేయాల్సింది టెర్రియర్ రకం కుక్క. వాటిలో జాక్ రస్సెల్ తెచ్చుకోండి. జాతి కాగితాలు లేని పిల్లను బావమరిది ఇచ్చాడని తెచ్చుకుని తర్వాత బాధపడొద్దు.

తాడిపత్రి పాలిష్
సార్, నాలుగో గ్రూపు సంగతి మా రాణికి ఎవరూ చెప్పలేదు. మా ఎలుకలకు కూడా తెలిసినట్టు లేదు.

టీచరమ్మ (కడప)
ఎలుకల సంగతి పక్కన పెట్టండి, నడుము సంగతి చూసుకోండి. మా బ్రౌనీకి తొండ కనబడితే చాలు, మిద్దె మెట్లన్నీ ఒక్క పరుగులో ఎక్కి, దిగేటప్పుడు పైనుంచి దూకేది. ఒకరోజు పొద్దున లేస్తే వెనక కాళ్లు ఈడుస్తోంది. ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్కు చిన్న వయసులోనే గట్టిపడి పగులుతుందట, అది నరాలను నొక్కితే కాళ్లు పడిపోతాయి. వారాల తరబడి చిన్న బోనులో కదలకుండా ఉంచాం. ఇప్పుడు నడుస్తుంది, కానీ కాస్త ఒంకరగా. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టండి. చంకల్లో చేతులు పెట్టి వేలాడదీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాగే లావెక్కనివ్వకండి, ఆ బరువంతా నడుము మీదే పడుతుంది.

ఎరువుల అంగడి (ఎమ్మిగనూరు)
మందు గురించి అంత భయం వద్దు గట్టు గారూ. అమ్మేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఇప్పుడు ఎక్కువగా వాడేది బ్రోమాడయోలోన్. నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు పొడి 2 పాళ్లు కలిపి కాగితం పొట్లాలు కట్టి బొరియల్లో వేస్తే పనైపోతుంది. అది తిని చచ్చిన ఎలుకను కుక్క కొరికినా ఏమీ కాదు. కుక్కను కొని, మేపి, టీకాలు వేయించే ఖర్చులో పదోవంతు కూడా కాదు ఇది.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
ఏమీ కాదా? మీ నోటితో ఆ మాట ఎలా వచ్చింది? మా చింటూ డాష్‌హౌండే. వీధి చివర గోడౌన్‌లో ఇదే మందు పెట్టారు. వీడు అక్కడినుంచి వచ్చిన ఎలుకలను పట్టి నమిలేశాడు. నాలుగైదు రోజులు బాగానే ఉన్నాడు. తర్వాత చిగుళ్లు తెల్లగా సున్నం కొట్టినట్టయ్యాయి, ముక్కు నుంచి రక్తం, మూత్రం ఎర్రగా. డాక్టరు సూది గుచ్చిన చోట రక్తం ఆగలేదు. దూది మార్చి మార్చి నా చెయ్యి పడిపోయింది. విటమిన్ కె ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు, బతికి బట్టకట్టాడు. పదోవంతు ఖర్చు అంటున్నారు, ఆ బిల్లు మీకు పంపాలా?

ఎరువుల అంగడి (ఎమ్మిగనూరు)
మీ కుక్క గోడౌన్‌లోకి పోయి పొట్లమే తిని ఉంటుంది. చూశారా మీరు? ఆ పొడిలో అసలు మందు కొంచెమే, మొత్తం ఎరలో అది 0.005 శాతం. అందులో ఒక ఎలుక కడుపులోకి పోయేదెంత, అందులోంచి కుక్కకు పోయేదెంత? లెక్క వేసుకోండి. నోటికొచ్చింది రాసి అంగళ్ల మీద పడితే ఎలా?

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
గోడౌన్‌కు షట్టర్ ఉంటుంది సామీ. నా కుక్క తాళం తీసుకుని పోయిందా?

వెటర్నరీ కుర్రోడు (ప్రొద్దుటూరు)
చదువుతున్నాను, ఇంకా డాక్టరు కాలేదు, కానీ ఇది మాకు పాఠంలో ఉన్నదే. ఇద్దరూ సగం సగం కరెక్ట్. ఒక్క ఎలుకతో పెద్ద కుక్కకు ఏమీ కాకపోవచ్చు, అంగడి అన్న చెప్పింది అంతవరకు నిజం. అయితే ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు తింటూనే ఉంటుంది, మందు దాని కాలేయంలో పోగవుతుంది. చచ్చే ముందు మత్తుగా పట్టపగలే బయట తిరుగుతుంది. కుక్కకు సులభంగా దొరికేది సరిగ్గా అలాంటి ఎలుకే. పది కిలోల లోపు కుక్క అలాంటివి వరసగా తింటే లెక్క మారిపోతుంది. రక్తం గడ్డకట్టే పదార్థాల నిల్వ అయిపోయేదాకా లక్షణాలు కనబడవు, అందుకే మొదటి మూడు నుంచి ఐదు రోజులు హుషారుగానే ఉంటుంది. దీనికి విటమిన్ కె1 కావాలి, వారాల తరబడి. కె3 పనికిరాదు, ఏదో ఒక కె అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

అసలు భయపడాల్సింది జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు గురించి. ముదురు బూడిద రంగు పొడి, వెల్లుల్లి వాసన. ఆ ఎరను కుక్క తింటే కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విష వాయువు పుడుతుంది. విరుగుడు లేదు. పాలు పట్టడం, అన్నం పెట్టడం వద్దు, ఆమ్లం ఇంకా ఊరుతుంది. కార్లో తీసుకెళ్తే అద్దాలు దించండి. కుక్క కక్కిందంటే ఆ గాలి మనకూ ప్రమాదమే.

ఎరువుల అంగడి (ఎమ్మిగనూరు)
తమ్ముడూ, పుస్తకం వేరు, పొలం వేరు. నేను ఇన్నేళ్లలో ఒక్క కేసు చూడలేదు.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
చచ్చిన కుక్కను ఎవరైనా మీ అంగడికి తెచ్చి చూపిస్తారా?

రాగిసంగటి (ధర్మవరం)
అన్నా, అక్కా, ఇద్దరికీ దండం. మా పల్లెలో వేరుశనక్కాయ మూటలు పెట్టిన కొట్టంలో జెర్రిపోతు తిరిగేది, మా అవ్వ దాన్ని తరమనిచ్చేది కాదు. విషం లేదు, మేత అడగదు, ఎలుకల్ని తిని దాని దారిన అది పోతుంది. ఈ కుక్కల గోల ఏంది మధ్యలో?

బుక్కపట్నం చెరువు
జెర్రిపోతు అనుకుని రక్తపింజరను ముద్దు చేయకండి స్వామీ. వానలు మొదలయ్యాక మా డాష్‌హౌండ్ ఒక ఎలుక బొక్కలో మూతి పెట్టి తోక ఊపుతోంది. లోపలినుంచి ప్రెషర్ కుక్కర్ విజిల్‌కు ముందు వచ్చే బుస లాంటి శబ్దం. గొలుసు పట్టి లాగేలోపే మూతి మీద కాటు. ఆసుపత్రికి చేరేసరికి మొహం రెండింతలు వాచింది, కళ్లు కనబడలేదు. మనుషులకు వాడే యాంటీ వీనమే ఎక్కించారు, బతికింది. నాగుపాములు కూడా ఎలుక బొక్కల్లోనే ఉంటాయి. ఈ కుక్కకు ముందు ముక్కు, తర్వాతే బుద్ధి. బొక్క కనబడితే లోపల ఏముందో అడగదు.

ఉగ్గాని ప్రియుడు (ఆదోని)
మా టైసన్ ముందు మీ కుక్కలన్నీ దిగదుడుపే. పోయిన ఆదివారం ఉడుమును పట్టాడు! వీడియో పెడతా ఆగండి. ఎలుకలైతే లెక్కే లేదు. పొద్దున మాతోపాటు ఉగ్గాని తిని డ్యూటీ ఎక్కుతాడు.

టీచరమ్మ (కడప)
ఉడుమును పట్టించి పైగా వీడియోనా! వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఉడుము మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. కుక్క పట్టిందంటే ఫారెస్టు వాళ్లు కుక్కను అడగరు, మిమ్మల్ని అడుగుతారు.

వెటర్నరీ కుర్రోడు (ప్రొద్దుటూరు)
ఉడుము ఒక తప్పయితే ఉగ్గాని ఇంకో తప్పు. అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, ఉడికించినా అంతే. మరమరాలు విడిగా పెట్టండి కావాలంటే.

ఉగ్గాని ప్రియుడు (ఆదోని)
ఉల్లిపాయ లేకుండా ఉగ్గాని ఏంటి బ్రో. వీడియో పెట్టట్లేదులే, అందరూ లాయర్లే ఇక్కడ.

కెన్నెల్ మాస్టర్ (అనంతపురం)
టైసన్ ఫోటో పెట్టండి చూద్దాం. ఉడుమును పట్టేంత సైజు డాష్‌హౌండ్ అంటే అది డాష్‌హౌండ్ అయ్యే అవకాశం తక్కువ.

హంద్రీ గట్టు (కర్నూలు)
నేను అడిగింది పందికొక్కుల గురించి. మునగచెట్టు గురించి ఎవరూ మాట్లాడరేం?

తుంగభద్ర బ్రిడ్జి (కర్నూలు)
గట్టు గారూ, మీ పక్క వీధే నాది. 2009 అక్టోబరు వరద గుర్తుందా? నీళ్లు తీశాక బురదలో చచ్చిన కొక్కులు, బతికినవి మిద్దెల మీద. వన్ టౌన్‌లో పందికొక్కుల సమస్య కుక్కతో తీరేది కాదు, మురుగు కాలువల నుంచే వస్తాయి. బాత్రూం నీళ్ల గొట్టం కాలువలో కలిసే చోట ఇనుప జాలీ బిగించండి ముందు.

మునగచెట్టు సంగతి కూడా చెప్తా. మా మేనత్త వాళ్లకు ఈ కుక్క ఉండేది. పందికొక్కు బొరియకు ఒక్క దారి ఉండదు, పైన పలచగా మట్టి కప్పిన దొంగ దారులు ఉంటాయి. కుక్క ఇటు తవ్వుతుంటే అది అటు పోతుంది, కుక్క ఇంకా తవ్వుతుంది. మల్లెపాదు, కరివేపాకు, గోంగూర మడి అన్నీ పోయాయి. ఒక మనిషి రెండో దారి దగ్గర కర్ర పట్టుకుని నిలబడితేనే పని అవుతుంది. ముదురు కొక్కు చేతికి చిక్కితే ఊరికే చావదు, వెంట్రుకలు నిక్కబొడుచుకుని తిరగబడుతుంది. మేనత్త కుక్క ముక్కు మీద చివరిదాకా గాటు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం బండల మీద వదలొద్దు, పొట్ట నేలకు ఆనేంత పొట్టి కుక్క, చర్మం కాలిపోతుంది.

రాగిసంగటి (ధర్మవరం)
చుంచెలుకను పట్టిస్తే ఏమవుతుందో కూడా చెప్పండి ఎవరైనా. మా చెల్లెలి కుక్క దాన్ని కొరికి, కక్కి, సొల్లు కార్చుకుంటూ గంట సేపు గడ్డిలో మూతి రాసుకుంది.

వెటర్నరీ కుర్రోడు (ప్రొద్దుటూరు)
చుంచెలుక అసలు ఎలుక జాతే కాదు అక్కా. బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది. దాని ఒంటి పక్కల గ్రంథుల వాసన కుక్కకు పడదు, అంతే. దాని జోలికి పోకపోతేనే వంటింటికి లాభం.

గట్టు గారూ, పిల్లను తెచ్చుకుంటే లెప్టోస్పైరా అనే క్రిమి జబ్బుకు కూడా పనిచేసే టీకా తప్పకుండా వేయించండి. ఎలుక మూత్రం ద్వారా కుక్కకు, కుక్క నుంచి మనకూ వస్తుంది, కాలేయం, కిడ్నీలు పోతాయి. ఆ టీకా రక్షణ ఏడాదికి మించి నమ్మలేం, ఏటా వేయించాల్సిందే. జిగురు అట్టలు కూడా ఇంట్లో పెట్టకండి. కుక్క మూతికి అంటుకుంటే గుంజకుండా వంట నూనె రాసి మెల్లగా విడదీయాలి.

తాడిపత్రి పాలిష్
రాణి పిల్లల్ని పెట్టింది. కావాల్సినవాళ్లు...

కెన్నెల్ మాస్టర్ (అనంతపురం)
తండ్రి ఎవరు? కాగితాలున్నాయా?

తాడిపత్రి పాలిష్
తండ్రి పక్క ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు సార్. కాగితాలు మాత్రం ఎలుకలు కొట్టేశాయి.

ఎరువుల అంగడి (ఎమ్మిగనూరు)
మందు వద్దనేవాళ్లకు మా దగ్గర వెదురు ఎలుక బుట్టలు, ఇనుప బోన్లు కూడా ఉన్నాయి. బోనులో ఎండుచేప ఊరికే పెట్టకుండా కొక్కేనికి దారంతో బిగించి కట్టండి, అప్పుడే తలుపు పడుతుంది. పెన్నా ఇసుక గారు కూడా రావచ్చు, గొడవేం లేదు.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
ఇనుప బోను రేటెంత?

ఎరువుల అంగడి (ఎమ్మిగనూరు)
పెద్దదా చిన్నదా?