ఎగ్జాస్ట్ వాల్వు కంట్రోలర్: తీసేస్తే కారు నిజంగా మునుపటిలా అయిపోతుందా?

మూడోగేరు:
సూటిగా అడుగుతున్నా, మొహమాటం లేకుండా చెప్పండి. నాది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, వెనక మఫ్లర్‌కి (పొగ చప్పుడు తగ్గించే డబ్బా) రెండు పక్కలా ఎలక్ట్రిక్ మోటారుతో తిరిగే వాల్వులున్నాయి, తెరుచుకుంటే చప్పుడు పెరుగుతుంది, మూసుకుంటే తగ్గుతుంది. ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో అంతా కారు ఇష్టమే. తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే చుట్టుపక్కల వాళ్లు ఉలిక్కిపడి లేచేంత రొద, అదే ఖాళీ రోడ్డు దొరికింది కదా అని మూడో గేరులో కాస్త తొక్కితే చప్పుడే ఉండదు. వద్దన్నప్పుడు అరుస్తుంది, కావాలన్నప్పుడు నోరు మూసుకుంటుంది. స్పోర్ట్ మోడ్‌లో పెడితే సౌండ్ కొంచెం వస్తుంది గానీ దాంతోపాటు సస్పెన్షన్ బిగుసుకుంటుంది, గేర్‌బాక్స్ ఊరికే కింది గేర్లలోకి పోతుంది, నాకవి అక్కర్లేదు.

అందుకే వాల్వు కంట్రోలర్ ఒకటి చూస్తున్నా. వైరు కోసే పని లేదట, మోటారు కనెక్టర్‌కీ కారు వైరింగ్‌కీ మధ్యలో తగిలిస్తే చాలు. రిమోట్ నొక్కితే వాల్వు తెరిచే ఉంచొచ్చు, మూసే ఉంచొచ్చు, లేదంటే కంపెనీ లెక్కకే వదిలేయొచ్చు. వద్దనుకున్న రోజు పీకేస్తే కారు యథాతథం అంటున్నారు. వారంటీ ఇంకా నడుస్తోంది, నా టెన్షన్ అంతా దానిగురించే. పెట్టించాలా, వద్దా?

పాతరెంచి:
వద్దు. "పీకేస్తే యథాతథం" అనేది కనెక్టర్ వరకే నిజం. ఈ కాలం ఎలక్ట్రిక్ యాక్చువేటర్, అంటే ఆ వాల్వుని తిప్పే యూనిట్, ఒట్టి మోటారు కాదు. కంప్యూటర్ దానికి "ఇంత తెరువు" అని సిగ్నల్ పంపుతుంది, అది తిరిగిందో లేదో, ఎక్కడైనా ఇరుక్కుందో తిరిగి చెప్పాలి. మధ్యలో దూరిన పెట్టె రెండు వైపులా అబద్ధం ఆడాలి: మోటారుకి తన మాట, కంప్యూటర్‌కి "అంతా మీరు చెప్పినట్టే జరిగింది సార్" అనే మాట. మంచి కంట్రోలర్ ఈ అబద్ధం నీట్‌గా ఆడుతుంది, నాసిరకంది ఎక్కడో దొరికిపోతుంది. దొరికితే ఎరర్ కోడ్ పడుతుంది, చాలా కార్లలో ఆ కోడ్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడిందో కూడా రాసి ఉంటుంది. మీరు పెట్టె పీకి జేబులో వేసుకుని సర్వీసుకి వెళ్తారు, వాళ్లు స్కానర్ పెట్టి చూస్తారు. అప్పుడు యథాతథం ఎక్కడుంది?

ఎనిమిదిసిలిండర్లు:
అబ్బో, ఇంత భయపెట్టాలా. వాల్వులు బలవంతంగా తెరిచి ఉంచడం నిన్నమొన్నటి విద్య కాదు. ఆస్టన్ మార్టిన్ వీ8 వాంటేజ్ వాళ్లని అడగండి, 22వ నంబర్ ఫ్యూజ్ అంటే చాలు, కారు పేరు కూడా చెప్పక్కర్లేదు. ఆ ఫ్యూజ్ పీకితే వాల్వులు తెరుచుకునే ఉంటాయి. కార్వెట్ సీ6 వాళ్లదీ ఇదే ఫ్యూజ్ చిట్కా. ఎందుకంటే వాటిల్లో వాల్వు మూయడానికి వ్యాక్యూమ్ (గొట్టంలోంచి గాలి లాగేసే ఒత్తిడి) కావాలి, తెరవడానికి ఏమీ అక్కర్లేదు, స్ప్రింగే తెరుస్తుంది. ఆ గొట్టం పగిలినా, దాన్ని కరెంటుతో తెరిచి మూసే సోలెనాయిడ్ పోయినా పొగ దారి మూసుకుపోకూడదని అలా పెట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నట్టు, ఒక ఫ్యూజ్‌తో అయ్యే పనికి రిమోటూ పెట్టే అంటూ హడావుడి.

మూడోగేరు:
అన్నా, మీ కారుకి వ్యాక్యూమ్, నాకు మోటారు. నేను ఫ్యూజ్ పీకితే వాల్వు ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది, పైగా డ్యాష్‌బోర్డులో పసుపు లైటు. ఆ ఫ్యూజ్ మీద ఇంకేమేం నడుస్తున్నాయో అదో గొడవ. అయినా నాకు తెరవడం ఒక్కటే కాదు కదా కావాల్సింది, మూయడం కూడా. ఫ్యూజ్‌తో అది అవుతుందా?

ఎనిమిదిసిలిండర్లు:
మూయడం అవ్వదు, అది ఒప్పుకుంటా. కానీ స్పోర్ట్స్ కారు కొని నిశ్శబ్దం కావాలనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా 😄

డెసిబెల్‌దాసు:
అసలు మూడో గేరులో ఎందుకు నోరు మూసుకుంటుందో ఎవరూ చెప్పడం లేదు. అది కంపెనీ పిసినారితనం కాదు, టెస్టు. ఐక్యరాజ్యసమితి వాహనాల నిబంధనల్లో కారు చప్పుడుకి హద్దు పెట్టే ఆర్51 అని ఒకటుంది, దాని మూడో సవరణ శ్రేణి 2016 నుంచి అమల్లో ఉంది, యూరప్‌తో సహా చాలా దేశాలు దాన్నే పాటిస్తాయి. 20 మీటర్ల ట్రాక్, నడిమధ్య గీతకి 7.5 మీటర్ల దూరంలో రెండు పక్కలా మైకులు. కారు మైకుల ఎదురుగా వచ్చేసరికి గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉండేట్టు తొక్కాలి. స్పోర్ట్స్ కార్లకి, అంటే టన్ను బరువుకి 200 కిలోవాట్లు దాటిన శక్తి, నాలుగుకి మించని సీట్లు, నేలకి దగ్గరగా కూర్చునే కార్లకి హద్దు మొదటి దశలో 75 డెసిబెల్స్, తర్వాత 74, ఇప్పుడు మూడో దశలో 72. చూడ్డానికి మూడే కదా అనిపిస్తుంది. మూడు డెసిబెల్స్ తగ్గించడం అంటే శబ్ద శక్తిని సగానికి సగం కోసేయడం.

అందుకే ఆ వేగంలో, ఆ ఆర్పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) వాల్వు మూసుకుంటుంది. ఒక్క ఆ పాయింటులో మూసుకుని పక్కన అరిచే తెలివితేటలు పనిచేయకుండా, చుట్టుపక్కల వేగాల్లోనూ గేర్లలోనూ చప్పుడు హద్దులో ఉండాలని ఇంకో అదనపు పరీక్ష కూడా పెట్టారు. కంపెనీయే ఇచ్చిన సౌండ్ బటన్ ఉంటే, ఆ బటన్ అన్ని స్థితుల్లోనూ కారు పాసవ్వాలి. మీ రిమోట్ చేసేది సరిగ్గా ఆ ఏర్పాటుని పక్కకి తోయడం. కారు ఏ అనుమతితో రోడ్డెక్కిందో ఆ అనుమతి నుంచి బయటికొస్తున్నారు. వారంటీ సంగతి తర్వాత, ముందు ఇది ఆలోచించండి.

పాతరెంచి:
పైగా 2018 సెప్టెంబరు నాటి నిబంధనతో యూరప్‌లో అమ్మే చాలా పెట్రోలు కార్లకి పార్టిక్యులేట్ ఫిల్టర్లు (పొగలోని మసిని పట్టే జల్లెడలు) వచ్చాయి, అదీ కొంత శబ్దం మింగుతుంది. వాల్వు ఎంత తెరిచినా పాత మోడల్ సౌండ్ రాదు. వీడియోల్లో విని కొన్నవాళ్లు తర్వాత మొహం వేలాడేస్తారు.

ఫ్లాట్‌సిక్స్:
నేను కంట్రోలర్ వాడుతున్నవాణ్ణి కాబట్టి ఒక మాట. తెరిచే ఉంచితే వచ్చే అసలు ఇబ్బంది పోలీసులూ కాదు డీలరూ కాదు, మీ చెవులు. హైవే మీద ఒకే వేగంలో పోతుంటే క్యాబిన్‌లో "ఊఁ" అని ఒక మొండి హోరు నిలబడిపోతుంది. లెక్క తేలిక: ఆర్పీఎంని 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో గుణించండి. ఆరు సిలిండర్లు, 2,400 ఆర్పీఎం అంటే 120 హెర్ట్జ్. నాలుగు సిలిండర్లయితే 80. సరిగ్గా ఈ కింది స్థాయి శబ్దాలకే క్యాబిన్ మొత్తం ఊగుతుంది, కిటికీ దించితే తగ్గి ఎత్తితే మళ్లీ మొదలవుతుంది. సగం సిలిండర్లు ఆపేసి నడిచే వీ8లు ఉన్నాయి చూశారా, వాటిల్లో కొన్ని ఆ సమయంలో వాల్వులు మూసేసుకునేది ఈ హోరు దాచడానికే. అంటే కంపెనీ ఇంజనీర్లు వాల్వు మూసిన ప్రతిచోటా టెస్టే కారణం అనుకోకండి, కొన్నిచోట్ల మీ సుఖం కోసమే మూశారు.

నేను తెరిచే బటన్ నొక్కడం ఎప్పుడో మానేశాను. ఎక్కువగా నొక్కేది మూసే బటనే. ఇంటి ముందు స్టార్ట్ చేసేటప్పుడు, రాత్రి తిరిగొచ్చేటప్పుడు.

డెసిబెల్‌దాసు:
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. నిశ్శబ్దం చేయడానికి ఎవరూ ఫిర్యాదు చేయరు.

అండర్‌బాడీ:
నేను ఇవి బిగించే పనిలోనే ఉన్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

ముందు ఆ పొద్దున రొద గురించి. చల్లటి ఇంజన్ స్టార్టవగానే కంప్యూటర్ ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పైకి ఎత్తి, స్పార్క్ ఆలస్యం చేసి, వేడి పొగని క్యాటలిస్ట్ (పొగలోని విషవాయువుల్ని శుభ్రం చేసే భాగం) మీదికి తోస్తుంది. క్యాటలిస్ట్ సుమారు 250–300 డిగ్రీలకి చేరితే గానీ పని మొదలుపెట్టదు, దాన్ని త్వరగా అక్కడికి చేర్చడమే ఉద్దేశం. ఆ ఎత్తిన ఐడిల్ చప్పుడే సగం రొద, వాల్వు మూసినా అది పూర్తిగా పోదు, మొరటుతనం తగ్గుతుంది అంతే. వాల్వు ఉండేది క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్లు దాటాక, వెనక మఫ్లర్ దగ్గర. కాబట్టి ఐడిల్‌లో మూసినంత మాత్రాన ఆ వేడెక్కే పనికి అడ్డం రాదు.

బిగించడం పెద్ద విద్యేమీ కాదు. ఎగ్జాస్ట్ పూర్తిగా చల్లారాకే కారు ఎత్తాలి. మోటారు కనెక్టర్‌కి పక్కన ఒక చిన్న ఎర్ర లాక్ ఉంటుంది, దాన్ని ముందు గోటితో వెనక్కి జరిపాకే నొక్కులాక్ వదులుతుంది. జరపకుండా లాగేవాళ్లే ఎక్కువ, వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ టక్కున విరుగుతుంది. అప్పుడు రివర్సిబులూ లేదు ఏమీ లేదు, కొత్త యాక్చువేటరే. లోపల పిన్నుల చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది, అది సరిగ్గా కూర్చోకపోతే చక్రాలు ఎగజిమ్మిన నీళ్లు లోపలికి వెళ్లి కొన్నాళ్లకి పిన్ను చిలుం పట్టి పచ్చబడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఎరర్ కోడ్‌లలో ఎక్కువ భాగం కంట్రోలర్ అబద్ధం బయటపడి కాదు, ఈ పచ్చ పిన్నుల వల్ల. పెట్టెని మఫ్లర్ పక్కన కట్టకండి, హార్నెస్ (దాని వైర్ల కట్ట) డిక్కీలోకి తెచ్చి అక్కడ పెట్టండి.

ఇక బ్యాటరీ. రిమోట్ సిగ్నల్ కోసం ఆ పెట్టె ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. 20 మిల్లీఆంప్స్ లాగినా రోజుకి సుమారు అర ఆంపియర్-అవర్, నెలకి 14. 70 ఆంపియర్-అవర్ బ్యాటరీలో అయిదో వంతు, అదీ కారు సొంతంగా లాగేది కాక. రోజూ నడిపేవాళ్లకి పట్టింపు లేదు, వారాల తరబడి కవరు కప్పి ఉంచేవాళ్లకి తలనొప్పి. ఇగ్నిషన్‌తో కరెంటు ఆగిపోయే రకం తీసుకోండి.

అసలు ప్రమాదం ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. మూసే స్థితిలో పెట్టి మర్చిపోయి ఫుల్ థ్రాటిల్ తొక్కడం. కంపెనీ లెక్కలో పై ఆర్పీఎంలో వాల్వు తెరుచుకోవాలి, అంత పొగ సన్న దారిలోంచి పోదు. మీరు బలవంతంగా మూసి ఉంచితే వెనక ఒత్తిడి పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. మంచి కంట్రోలర్లు ఒక హద్దు దాటగానే పెత్తనం తిరిగి కారుకే ఇచ్చేస్తాయి. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, రిమోట్ ఎంత దూరం పనిచేస్తుంది అన్నది కాదు.

పాతరెంచి:
అండర్‌బాడీ గారు, బిగించేవాళ్లే ఇంత నిజాయితీగా చెప్పడం బాగుంది, కానీ మీరు చెప్పినవన్నీ నా వైపే సాక్ష్యం. కనెక్టర్ విరగొచ్చు, సీలు పోవచ్చు, బ్యాటరీ దిగొచ్చు, వేడెక్కొచ్చు. వీటిలో ఏది పెట్టె పీకేస్తే వెనక్కి వస్తుంది?

అండర్‌బాడీ:
చేత్తో పనిచేసిన ప్రతిచోటా విరిగే ఛాన్స్ ఉంటుంది, సర్వీసులో బంపర్ ఊడదీసినా ఉంటుంది. అలా అయితే కారుని ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకో మాట, అసలు వాల్వు ఎక్కువగా చెడేది కదలకపోవడం వల్ల. మసి, తేమ, తుప్పు కలిసి ఇరుసుని పట్టేస్తాయి. ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్లకీ ఇదే జరుగుతుంది, ఏ మోడ్ ముట్టుకోకుండా నెమ్మదిగా నడిపేవాళ్లకీ ఇదే. అప్పుడప్పుడు రెండు వైపులా తిప్పుతుంటే అదే మంచిది.

ఎనిమిదిసిలిండర్లు:
ఈ లెక్కన నా ఫ్యూజ్ ఎప్పుడూ పీకే ఉంటుంది కాబట్టి నా వాల్వులు ఈపాటికి...

అండర్‌బాడీ:
ఒకసారి ఫ్యూజ్ పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయించి, వెనక నిలబడి చూడండి. రేకు కదిలితే అదృష్టం.

పాతరెంచి:
వారంటీ గురించి కూడా సూటిగా. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది, బయటి పార్టు పెట్టారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ కొట్టేయడానికి వీల్లేదు, చెడిన దానికీ ఆ పార్టుకీ సంబంధం ఉండాలి. అందరికీ అలాంటి చట్టం ఉండదు. ఉన్నా సరే, చెడింది ఎగ్జాస్ట్ వాల్వే అయితే సంబంధం లేదని ఎలా వాదిస్తారు? గేర్‌బాక్స్ పోతే వాదించొచ్చు. వాల్వు మోటారు పోతే అది మీ ఖర్చే అనుకుని మొదలుపెట్టండి.

ఫ్లాట్‌సిక్స్:
న్యాయమైన మాట. నేను అలా అనుకునే పెట్టించుకున్నాను. దాచి సర్వీసుకి వెళ్లను కూడా, పెట్టె ఉందని ముందే చెప్పేస్తాను. దొంగతనంగా పీకి వెళ్లి, దొరికిపోయి నీళ్లు నమలడం కంటే అది నయం.

మూడోగేరు:
అందరికీ థాంక్స్. అడిగినప్పుడు తెరవడం కోసమే అడిగాను, ఇప్పుడు చూస్తే నాకు నిజంగా కావాల్సింది పొద్దున మూసుకోవడమే అనిపిస్తోంది. నా కారులో మూడో గేరు సైలెన్స్ ఎందుకో డెసిబెల్‌దాసు గారు చెప్పాక దానితో పోట్లాడే ఉత్సాహం కూడా పోయింది. ఇగ్నిషన్‌తో ఆగేది, పై ఆర్పీఎంలో పెత్తనం కారుకి ఇచ్చేసేది దొరికితే తీసుకుంటా. దొరక్కపోతే వారంటీ అయ్యేదాకా ఆగుతా. అండర్‌బాడీ గారు, ఒక్క డౌటు: స్టార్ట్ చేసే ముందే మూసి ఉండాలంటే, ముందురోజు ఇంజన్ ఆపేటప్పుడు నొక్కిన స్థితిని అది గుర్తుపెట్టుకుంటుందా? మీరు చెప్పినట్టు కరెంటు ఆగిపోయే రకమైతే?

అండర్‌బాడీ:
చివరి స్థితి మెమరీలో రాసుకునే రకాలున్నాయి, కరెంటు పోయినా అది చెరిగిపోదు. కానీ చిక్కు అక్కడ కాదు. ఇగ్నిషన్ వేయగానే చాలా కార్లు యాక్చువేటర్‌ని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి పరీక్షించుకుంటాయి. ఆ పరీక్ష అయ్యేదాకా కంట్రోలర్ అడ్డు రాకూడదు, అయ్యాక గానీ మూయకూడదు. కాబట్టి వెంటనే స్టార్ట్ బటన్ నొక్కకండి. ఇగ్నిషన్ వేసి, వెనక ఆ మోటారు గిర్రుమని తిరిగి ఆగాక నొక్కండి.

పాతరెంచి:
ఇంత తంతు ప్రతిరోజూ పొద్దున్నే, అదీ నిద్రకళ్లతో. నేను ఇంకా వద్దనే అంటున్నా.