పసిడిదానా, పసిడిచానా?

కృష్ణవేణి: మా అన్నయ్య పిల్లలు ఇంటిల్లిపాదీ చూడదగ్గ పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఒకటి చెప్పమంటే, ఆలోచించకుండా 'తోడికోడళ్ళు' (1957) అన్నాను. అప్పట్నుంచీ 'కారులో షికారుకెళ్ళే' పాట నోట్లోనే ఉంది. పాలబుగ్గల తర్వాత పసిడిదానానా, పసిడిచానానా? రెండూ నోరు తిరుగుతున్నాయి.

బందరు బుల్లోడు: దానా. తర్వాతి చరణాల్లో కుర్రదానా, చిన్నదానా అని పిలిచినవాడు మొదట్లో మాత్రం వేరేగా ఎందుకు పిలుస్తాడండీ?

పాటల పెట్టె: ఘంటసాల గొంతులో అక్షరం నలగదు. నాకైతే చానా అనే వినిపిస్తుంది, చాన అంటే స్త్రీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

కౌముది: చెవి సాక్ష్యం ఇక్కడ చెల్లదు. అది దంత్య చకారం, చాప, చాలు అన్నప్పుడు పలికే చ. నాలుక పళ్ళకి తగులుతుంది కాబట్టి పాత రికార్డు గరగరలో ద లాగే ఉంటుంది. ఛందస్సూ తేల్చదు, రెండింటి కొలతా ఒకటే.

చిన్నయసూరి శిష్యుడు: చానే గసడదవాదేశంతో (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడం) దాన అయిందని ఎవరైనా అనేలోపే చెప్తున్నా. చకారానికి వచ్చేది సకారం. 'సాన' కావాలి తప్ప దాన కాదు. దాన అన్నది 'చిన్నది'లోని 'ది'. పిలుపులో అలా మారుతుంది.

బందరు బుల్లోడు: మంచిది. అప్పుడు పసిడిదానా అంటే పసిడి కలదానా అనేగా. కారుంది, మేడుంది, పసిడీ ఉంది. ఆ కలిమి ఎక్కడిదనే కదా పాటంతా అడిగేది! చానా అంటే వట్టి ఒంటిరంగు పొగడ్త అయిపోతుంది.

పాటల పెట్టె: అక్కడ పొగడ్తే కావాలి. ముందు పొగిడి, ఆ వెంటనే బుగ్గమీద ఆ రంగెక్కడిదని నిలదీస్తేనే దెబ్బ తగిలేది. ప్రబంధాల్లోని చానతో మొదలుపెట్టి కుర్రదానా, చిన్నదానా అని నేలకి దించాడు కవి. శ్రీశ్రీ తప్ప ఇంకొకరు చేయలేరు.

నెల్లూరు మాగాణి: శ్రీశ్రీ కాదు, ఆత్రేయ! 'తాజమహల్ నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీలెవ్వరు' చెవుల్లో ఉండబట్టి, ఈ పాటలో చలువరాతి మేడ అనగానే అందరూ శ్రీశ్రీ ఖాతాలో వేసేస్తారు. మా జిల్లావాడని చెప్పడం లేదు. మనసుకవి అని పేరు పెట్టి ఆత్రేయని ఒక గూట్లో కూర్చోబెట్టేశాం. 'ఎన్.జి.ఓ.' నాటకం రాసిన మనిషి ఆయన. చాలీచాలని జీతం తెచ్చే గుమాస్తా ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి. ఈ సినిమాకి మాటలు కూడా ఆయనవే.

కౌముది: అదే సినిమాలో 'ఆడుతు పాడుతు పనిచేస్తుంటే' కొసరాజుది. రెండు పాటల్లోనూ చాకిరీయే విషయం. ఒకటి దాన్ని సరదాగా పాడుకుంటుంది, ఇంకోటి లెక్క అడుగుతుంది. రెండింటికీ బాణీ కట్టింది మాస్టర్ వేణు.

కృష్ణవేణి: పిల్లలకి సినిమా నచ్చుతుందంటారా? మా చిన్నదానికి పది నిమిషాలు దాటితే ఓపిక ఉండదు.

నెల్లూరు మాగాణి: నచ్చకేం. బెంగాలీ రచయిత శరత్ 'నిష్కృతి' కథ అది, దర్శకుడు ఆదుర్తి ఎక్కడా బరువెక్కనివ్వలేదు. రంగారావు మతిమరుపు ప్లీడరు, పక్కన కన్నాంబ. రేలంగి, సూర్యకాంతం వస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నవ్వుతారు. కానీ కన్నాంబ మాట్లాడకుండా ఊరుకున్న చోట్ల మీరు పక్కనుంచి ఏమీ చెప్పకండి, చూడనివ్వండి. ఉమ్మడి ఇల్లు ఎక్కడ బీటలువారుతుందో వాళ్ళకే తెలుస్తుంది.

చిన్నయసూరి శిష్యుడు: అందరూ చాన దగ్గరే ఆగారు. గనులు తొలిచే చరణంలో 'చెమట చలువ' ఉందే, దాన్ని ఎవరూ పట్టించుకోరేం? చలువంటే చల్లదనమా, చాకలి చలువ చేసిన బట్టల్లోని తెలుపా?

పాటల పెట్టె: చల్లదనమే. ముందు మండుటెండ వచ్చింది కదా, దానికి జవాబు.

చిన్నయసూరి శిష్యుడు: ఎండ ఉన్నది వేరే చరణంలో. ఇక్కడున్నది రాయి. కష్టజీవి చెమటతో ఉతికితేనే ఆ రాయికి తెలుపొచ్చింది, మేడకి చలువరాయయింది. నేను తెలుపే అంటాను.

కౌముది: రెండూ ఉన్నాయి. ఒకటి తీసేస్తే ఆత్రేయకి అన్యాయం చేసినట్టే.

బందరు బుల్లోడు: అయితే చలువ మీద విడిగా ఒక పోస్టు పెట్టండి మాస్టారూ, చలువ పందిరి కూడా కలుపుకుని.