‘ప్రారంభ కారకం’ అనవచ్చా?

ప్రశ్న: ఇఐఎఫ్2ఎస్1 జన్యువు మీద వ్యాసంలో ఇనీషియేషన్ ఫ్యాక్టర్‌ను (కణంలో ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ప్రోటీన్; ఇక్కడ ఇఐఎఫ్2) ‘ప్రారంభ కారకం’ అని రాశాను. చదివినవాళ్లు ‘మొదట్లో పనిచేసే కారకం’ అనుకుంటున్నారు. ‘ప్రారంభకం’ అనేద్దామా?

జవాబు: వద్దండీ. ‘ప్రారంభకం’ అంటే ప్రోటీన్ తయారీ ఎక్కడ మొదలవాలో చెప్పే ఏయూజీ సంకేతమో, జన్యువును చదవడం మొదలుపెట్టించే డీఎన్‌ఏ భాగమైన ప్రమోటరో అనుకునే వీలుంది. చిక్కంతా సమాసంలోనే ఉంది. దాన్ని ‘ప్రారంభపు కారకం’ అనీ విప్పవచ్చు, ‘ప్రారంభానికి కారకం’ అనీ విప్పవచ్చు. మనకు కావలసింది రెండోది. తొలిసారి ‘అనువాదాన్ని (అంటే ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని బట్టి ప్రోటీన్ తయారీని) మొదలుపెట్టించే కారకం’ అని విడదీసి రాయండి, తర్వాత ‘ప్రారంభ కారకం’ చాలు.

మరొకరు: పేర్ల దగ్గరా జాగ్రత్త. ఇంగ్లీషులో జన్యువు పేరంతా పెద్దక్షరాలు, ప్రోటీన్ పేరు చిన్న ‘ఇ’తో మొదలు. మన లిపిలో ఆ తేడా చూపలేం. అందుకే ‘ఇఐఎఫ్2ఎస్1 జన్యువు’, ‘ఇఐఎఫ్2 ఆల్ఫా ప్రోటీన్’ అని ప్రతిసారీ తోక తగిలించాల్సిందే. జన్యువు పేర్లలో ఎస్1, ఎస్2, ఎస్3 అంటే వరసగా ఇఐఎఫ్2 ప్రోటీన్‌లోని ఆల్ఫా, బీటా, గామా ఉపప్రమాణాలు (భాగాలు).

ప్రశ్న: ‘ఫాస్ఫేట్ చేరగానే కారకం నిర్వీర్యమై ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది’ అనే వాక్యం?

జవాబు: అందులో ‘నిర్వీర్యం’, ‘ఆగిపోవడం’ రెండూ తప్పుదారి పట్టిస్తాయి. ఇఐఎఫ్2 జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువును పట్టుకుని, ప్రోటీన్‌లో తొలి అమైనో ఆమ్లమైన మిథియొనిన్‌ను మోసే టీఆర్‌ఎన్‌ఏను, ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్ చిన్న ఉపప్రమాణానికి చేరుస్తుంది. ఏయూజీ దొరికాక జీటీపీ ఒక ఫాస్ఫేట్ కోల్పోయి జీడీపీ అయి, కారకం విడిపోతుంది. మళ్లీ పనికి రావాలంటే ఇఐఎఫ్2బీ అనే మరో ప్రోటీన్ ఆ జీడీపీని తీసి జీటీపీ ఎక్కించాలి. ఆల్ఫాలో 51వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి (మొదటి మిథియొనిన్‌నూ లెక్కిస్తే 52వ స్థానం) ఫాస్ఫేట్ చేరితే, ఇఐఎఫ్2 పోయి ఇఐఎఫ్2బీని గట్టిగా పట్టేసుకుంటుంది. కణంలో ఇఐఎఫ్2బీ తక్కువ కనుక, ఇఐఎఫ్2లో కొంత భాగానికి ఫాస్ఫేట్ అంటినా చాలు, మిగతాదానికి జీటీపీ అందదు. అంటే ఫాస్ఫేట్ చేరిన కారకం నీరసపడటం లేదు, దారికి అడ్డం పడుతోంది. పైగా ఏటీఎఫ్4 లాంటి కొన్ని ప్రోటీన్ల తయారీ అప్పుడే పెరుగుతుంది కూడా.

కాబట్టి ఇలా రాయండి: ‘ఫాస్ఫేట్ చేరిన ఇఐఎఫ్2, ఇఐఎఫ్2బీని అడ్డగిస్తుంది. దాంతో కణంలో ప్రోటీన్ల తయారీ మొత్తం మీద తగ్గుతుంది.’

ప్రశ్న: ఇఐఎఫ్2బీని ‘ఇఐఎఫ్2లోని బీటా’ అని రాసేశాను!

జవాబు: వెంటనే దిద్దండి. అది వేరే ప్రోటీన్, దానికి అయిదు రకాల ఉపప్రమాణాలు, అయిదు జన్యువులు. వాటిలో మార్పులు వస్తే మెదడులోని తెల్ల పదార్థం క్షీణించే జబ్బు వస్తుంది. గ్రీకు అక్షరాన్ని ‘బీటా’ అని పూర్తిగా, ఇంగ్లీషు అక్షరాన్ని ‘బీ’ అని రాస్తే తికమక ఉండదు.