డబుల్ ఐలిడ్ సర్జరీకి ముందు డాక్టర్‌ని ఏమేం అడగాలి?

నమస్కారం అండి. మేము సియోల్‌లో ఉంటాం, మా ఆవిడ కొరియన్. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, కనురెప్ప మీద సన్నటి టేపు ముక్క అంటించి మడత తెచ్చుకుంటుంది. సాయంత్రానికి రెప్ప ఎర్రబడి దురద పెడుతుంది. ఇప్పుడు డబుల్ ఐలిడ్ సర్జరీ, అంటే పై రెప్ప మీద ఆ మడత వేసే ఆపరేషన్, చేయించుకుంటానంటోంది. నాకు ఆమె కళ్లు ఇలాగే ఇష్టం, కానీ నిర్ణయం తనది.

గంగ్నమ్‌లో రెండు క్లినిక్‌లకు వెళ్లాం. ఒకచోట కోత అక్కర్లేదు, లోపల దారంతో కుడితే చాలన్నారు. ఇంకోచోట కోసి కాస్త కొవ్వు తీస్తేనే మడత నిలుస్తుందన్నారు. దారం పద్ధతిలో వాపు త్వరగా తగ్గుతుంది కానీ మడత వదులైపోవచ్చట. కోస్తే మళ్లీ మామూలుగా చేయడం కష్టం. తన ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంటుంది. రెప్పను ఎత్తే కండరం బలహీనంగా ఉంటే మడత ఒక్కటే వేస్తే సరిపోదని చదివాను. ఆ కండరాన్ని రెండు చోట్లా ఎవరూ పరీక్షించలేదు. అదే నా టెన్షన్. పైగా తనకు కళ్లు పొడిబారే సమస్య ఉంది.

చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. వాపు పూర్తిగా దిగడానికి ఎన్ని నెలలు పట్టింది? నిద్రలో కళ్లు పూర్తిగా మూతపడుతున్నాయా? రెండు కళ్లూ సమానంగా రాకపోతే సరిచేసే ఖర్చు ఎవరిదో ముందే రాయించుకున్నారా?