లగూన్‌లోకి అడుగునుంచి ఊరే నీళ్ళని ముందే తోడేస్తే మంచిదా, కాదా?

తీరంపిట్ట: స్పెయిన్‌లో మార్ మెనోర్ అని 135 చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి లగూన్, అంటే సముద్రం పక్కనే ఉండే ఉప్పునీటి సరస్సు. 2016లో నాచు పెరిగి నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి, 2019 అక్టోబర్‌లో ఊపిరాడక చేపలు ఒడ్డుకొచ్చి గుట్టలుగా చచ్చాయి. పక్క పొలాల ఎరువు భూమిలోకి దిగి, నాచుని పెంచే దాని నైట్రేట్ కిందనుంచి కూడా ఊరుతోందట. ఒడ్డు పొడుగునా బోర్లేసి తోడేస్తే పోలా?

ఇసుకచెలమ: 2019ది ఊట ఖాతాలో వెయ్యకు బ్రో, సెప్టెంబర్ వరద మంచినీళ్ళు పైన పొరలా పరుచుకుని అడుగున ఆక్సిజన్ అయిపోయింది. ఇక తోడటం అంటావా, ఫ్రాన్స్‌లో థో లగూన్ చూడు. అడుగున వీజ్ అనే ఊట, మంచినీళ్ళు బయటికి తోస్తుంటుంది, 2020 నవంబర్‌లో లోపలి ఒత్తిడి తగ్గి ఉప్పునీళ్ళే ఎదురు లోపలికి దిగాయి. తోడితే తగ్గేది ఆ ఒత్తిడే కదా.

తీరంపిట్ట: అది సున్నపురాయి బొరియల్లోంచి వచ్చే ఊట అన్నా, ఇక్కడ మట్టి, ఇసుక పొరలు. రెండిటినీ ఒకే గాటన కడితే ఎలా?

డ్రమ్ముసంచి: అసలు ఎంత ఊరుతోందో తేల్చుకుని కొట్టుకోండి. డ్రమ్ముని అడ్డంగా కోసి బురదలో బోర్లించి కన్నానికి ప్లాస్టిక్ సంచి కడతాం, మెల్లగా ఉబ్బుతుంది, హమ్మయ్య మంచినీళ్ళు అనుకుని చూస్తే చాలాసార్లు ఉప్పే! అల వెనక అల ఇసుకలోకి తోసిన లగూన్ నీళ్ళే మళ్ళీ బయటికొస్తున్నాయన్నమాట. నేలలోంచి నీళ్ళలో కలిసి, 3.8 రోజుల్లో సగమైపోయే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువుతో లెక్కేసినా మంచినీళ్ళూ, ఈ తిరిగొచ్చే నీళ్ళూ కలిసే వస్తాయి, అదంతా మంచినీళ్ళే అనుకుని కంగారుపడతారు జనం. అలాగని తిరిగొచ్చే నీళ్ళు ఊరికే రావు, బురదలో కుళ్ళినదాంట్లోంచి అమ్మోనియా మోసుకొస్తాయి. దాన్ని ఏ బోరుతోనూ ఆపలేం.

తీరంపిట్ట: సరే, మంచినీటి వాటా కొంచెమే అనుకుందాం, నైట్రేట్ దాంట్లోనే కదా ఉంది? పొలంలో ఎరువు ఇవాళ ఆపినా పాతది ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది, అప్పటిదాకా చూస్తూ కూర్చోవాలా?

ఇసుకచెలమ: కూర్చోమనలేదు. ఒడ్డున తుంగ, బురద మడుగులు ఉండనివ్వు, ఆక్సిజన్ లేని ఆ బురదలో బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ గ్యాస్ చేసి గాల్లోకి పంపేస్తుంది. లగూన్‌లో గడ్డికీ చేపపిల్లలకీ ఉప్పు తగ్గించే ఆ కాస్త ఊటా మిగుల్తుంది. మార్ మెనోర్ దగ్గర బోరునీళ్ళలో ఉప్పు తీసి పొలాలకి పెట్టుకుని, మిగిలిన నైట్రేట్ ఉప్పునీళ్ళని కాలవల్లోకి వదిలారు, అవి మళ్ళీ లగూన్‌కే చేరాయి. నువ్వు తోడినవి ఎక్కడ పోస్తావో ఇంకా చెప్పలేదు.