అప్‌డేట్: ట్యాబ్ చూసి బేస్‌పై పంక్, వేగం చిక్కు తీరింది

బేస్ గిటార్ ట్యాబ్‌లోని (తీగకో గీత గీసి, ఏ ఫ్రెట్, అంటే మెడపై ఏ గడి, నొక్కాలో అంకెల్లో చూపే రాత) అంకెలే నొక్కుతున్నా నా వాయింపు పంక్ బ్యాండ్ రామోన్స్ 'బ్లిట్జ్‌క్రీగ్ బాప్' (1976) రికార్డుతో ఎందుకు కలవడం లేదని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు, ఇప్పుడు కలుస్తోంది.

మామూలు ట్యాబ్ ఏ ఫ్రెట్ నొక్కాలో చెబుతుంది గానీ స్వరం ఎంతసేపు మోగాలో చెప్పదు. అది చెవితో పట్టుకోవాల్సిందే. ట్యాబ్‌లో అట్టడుగు గీత లావు తీగ, అంటే ఈ (E) తీగ. దానిపై 5 అంటే ఏ (A) స్వరం. దాని పై గీత ఏ (A) తీగ, అందులో 5 డీ (D), 7 ఈ (E). పాటకు ఆధారం ఈ మూడే. బార్‌కి (నాలుగు బీట్ల ఆవృత్తికి) ఎనిమిది దెబ్బలు, అన్నీ పిక్‌తో (తీగ మీటే చిన్న పలకతో) కిందికే. కిందికీ మీదికీ కొడితే చేతికి తేలికే, కానీ మీది దెబ్బ పలచబడి ఊపు పోతుంది. రామోన్స్ బేసిస్ట్ డీ డీ రామోన్ వాయింపుకు ప్రాణం ఆ కింది దెబ్బే!

మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 100 బీట్లలో మొదలుపెట్టండి. రెండు నిమిషాలు ముంజేయి బిగుసుకోకుండా నిలిస్తేనే 5 పెంచండి. రికార్డు వేగం 170 పైమాటే. బిగుసుకుంటోందంటే చాలాసార్లు పిక్ లోతుగా దిగుతున్నట్టు. కొన మాత్రమే తీగకు తగలాలి, కదలిక మణికట్టు నుంచి రావాలి.

ఏ (A) తీగకు మారాక కింద ఏదో గుయ్‌మంటుంటే అది ఖాళీగా మోగుతున్న ఈ (E) తీగ. ఎడమ చూపుడువేలి కొసను దానికి ఆనించి ఉంచితే ఆగిపోతుంది.