పది మార్కులు దాటితే డిప్రెషన్ ఉన్నట్టేనా?

సుధ:
సర్వేల్లో డిప్రెషన్ లక్షణాలు కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఇస్తారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వచ్చినవాళ్లను లెక్కపెట్టి ‘ఇంత శాతం మందికి డిప్రెషన్’ అని ప్రకటిస్తారు. నా దృష్టిలో ఇది తప్పు. ఆ మార్కులు లక్షణాల బరువు చెబుతాయి, జబ్బును నిర్ధారించవు.

మురళి:
సుధ గారూ, మరి దారేంటి? వేలమందిని శిక్షణ పొందినవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడించాలంటే డబ్బూ చాలదు, మనుషులూ చాలరు. మామూలు జనంలో డిప్రెషన్ లక్షణాలు కొలవడానికే 1977లో రాడ్లాఫ్ అనే పరిశోధకురాలు సీఈఎస్-డి అనే 20 ప్రశ్నల ప్రశ్నావళి తయారుచేశారు. డాక్టర్ గడప తొక్కనివాళ్ల బాధ బయటపడేది ఇలాంటి వాటితోనే. అదీ వద్దంటే వాళ్లు ఎవరి లెక్కలోనూ ఉండరు.

సుధ:
వద్దనడం లేదండీ. లెక్క చూడండి. 2001లో పీహెచ్‌క్యూ-9ను పరీక్షించినప్పుడు 10 దగ్గర గీత గీస్తే, జబ్బున్నవాళ్లలో 88 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతం మందిని సరిగ్గా వదిలేసింది. బాగానే ఉంది. ఇప్పుడు వెయ్యి మందిలో నిజంగా 50 మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. వాళ్లలో 44 మంది దొరుకుతారు. మిగతా 950 మందిలోంచి 114 మంది ఊరికే జాబితాలోకి వస్తారు. మొత్తం 158! అయిదు శాతం కాస్తా దాదాపు పదహారయింది. దొరికినవాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు మూడో వంతు కూడా లేరు.

ఫాతిమా:
ఇంకోటి. నిద్ర పట్టడం లేదు 3, నీరసం 3, ఆకలి లేదు 3, ఏకాగ్రత కుదరడం లేదు 1. పది వచ్చేసింది! కానీ మొదటి రెండు ప్రశ్నలకు, అంటే ఆసక్తి పోవడం, దిగులు, ఈ రెండింటికీ సున్నాయే. నిర్ధారణ నియమాల ప్రకారం ఆ రెంటిలో ఒకటైనా ఉండి తీరాలి. పసిబిడ్డ తల్లికీ, నైట్ షిఫ్టులు చేసేవాళ్లకీ, థైరాయిడ్ ఉన్నవాళ్లకీ ఇలాంటి మార్కులు రావచ్చు.

మురళి:
ఫాతిమా గారి మాట ఒప్పుకుంటాను. అయినా ఏటా అదే ప్రశ్నావళి, అదే పద్ధతిలో అడిగితే పెరిగిందా తగ్గిందా అన్నది తెలుస్తుంది కదా. అది చిన్న ఉపయోగం కాదు.

సుధ:
దానికి సగటు మార్కులు, ఏ స్థాయిలో ఎంతమంది ఉన్నారన్నది ప్రచురిస్తే చాలు. జబ్బు శాతమే కావాలంటే, గీత దాటినవాళ్లలోంచి కొందరినీ దాటనివాళ్లలోంచి కొందరినీ తీసుకుని ఇంటర్వ్యూ చేసి లెక్క సరిదిద్దాలి.

ఫాతిమా:
తొమ్మిదో ప్రశ్ననూ మర్చిపోవద్దు. చనిపోతే బాగుండు అనిపించిందా అని అడుగుతుంది. ‘దాదాపు ప్రతిరోజూ’ అని ఒకరు టిక్ పెడితే ఆ రోజే వాళ్లతో మాట్లాడే మనిషి ఉండాలి. ఆ ఏర్పాటు లేని సర్వేలు ఆ ప్రశ్న తీసేసి పీహెచ్‌క్యూ-8 వాడటమే మేలు. అడిగి, కాగితాన్ని ఫైల్లో పెట్టేయడం మాత్రం నేను ఒప్పుకోను.